తోక కనిపించని ఫోటో

మధ్యాహ్నం భోజనాలయ్యాక గుడివాడలో మా వీధి వీధంతా కునుకు తీసే వేళకి నా ఫోన్‌లోకి జీవాలు రావడం మొదలవుతుంది. నేను హాల్లో మడతమంచం మీద వెల్లకిలా పడుకుని, ఫోన్ పొట్ట మీద పెట్టుకుని, సగం మెలకువలో ఉంటాను. కిటికీకి ఆకుపచ్చ కర్టెన్ ఉంది. ఎండ దానిలోంచి వడకట్టుకుని వస్తే గదంతా చెరువు అడుగులా ఉంటుంది. అప్పుడు పొట్ట మీద ఫోన్ జుమ్మంటుంది. కళ్ళు తెరిస్తే ఓ నోరు, లేదా ఓ రెక్క, లేదా ఏ చివర తలో ఏ చివర తోకో తెలియని ఓ ముద్ద. కింద ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఇదేంటి మేడం?"

నేను కాలేజీలో ముప్పై ఏళ్ళ పైచిలుకు జువాలజీ చెప్పాను. రిటైరైన మరుసటి ఏడాది, నాగాయలంక వైపు రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే నా పాత విద్యార్థి ఒకడు ఓ ఫోటో పంపాడు. మడచెట్ల మధ్య, ఒళ్ళంతా మచ్చలతో ఓ పిల్లి, తడిసిన కాళ్ళతో కోపంగా చూస్తోంది. "చిరుతపులి పిల్లంట మేడం, ఊళ్ళో వాళ్ళు కర్రలు తీసుకుని బయల్దేరారు" అని రాశాడు. "పులీ లేదు, నీ మొహమూ లేదు. అది బావురుపిల్లి. చేపలు పట్టుకు తింటుంది. దాని జోలికి పోకండి, దాని దారిన అది పోతుంది" అని రాశాను. కర్రలు వెనక్కి వెళ్ళాయి, పిల్లి మడల్లోకి వెళ్ళింది. ఆ సాయంత్రం నేను వంటింట్లో పాటలు పాడుకున్నానని మా ఆయన ఇప్పటికీ దెప్పుతారు.

అంతే, నా నంబరు చేతులు మారింది. పెదపారుపూడి నుంచి ఒకాయన తన పాత మేడ మీది గదిలో కూర్చున్న మూడు తెల్లటి మొహాలు పంపాడు. మనుషుల మొహాల్లా ఉన్నాయి, కళ్ళు నల్లగా ఉన్నాయి, ఇల్లు ఖాళీ చేద్దామా అని అడిగాడు. గుడ్లగూబ పిల్లలండీ, ఓ రెండు నెలలు ఓపిక పట్టండి, మీ ఇంట్లో ఎలుక అనేది ఉండదు అన్నాను. ఉయ్యూరు దగ్గర చెరకు తోటలోంచి పునుగుపిల్లి వచ్చింది. బందరు రేవు నుంచి, బెలూన్‌లా ఉబ్బి ముళ్ళు లేపుకున్న చేప ఒకటి వచ్చింది. ఆ విషపు చేపని కూర వండొచ్చా అని అడిగినావిడని ఫోన్ చేసి మరీ తిట్టాను. మా ఆయన దీనికి 'క్లినిక్' అని పేరు పెట్టారు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అంటారు, నేను ఒంటిగంటకే అన్నం తినేసి మంచమెక్కితే.

నిజం చెప్పాలంటే నాకు ఆ ఫోటోల్లో జీవం కన్నా అంచులంటే ఎక్కువ ఇష్టం. సైజు తెలియాలి, పక్కన ఏదైనా పెట్టి తియ్యండి అని నేనే చెప్పేదాన్ని. ఎక్కువమంది చెప్పు పెట్టేవాళ్ళు. అగ్గిపెట్టె, పౌడరు డబ్బా, ఓసారి పెరుగు ప్యాకెట్టు. అంచున ఎవరిదో కాలివేలు, ఓ లుంగీ కొస, గోరింటాకు పండిన చెయ్యి. నేను జన్మలో చూడని మనుషుల గడప దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చినట్టుండేది. మా కాలేజీ ల్యాబులో బీరువాల నిండా ఫార్మలిన్‌లో నిలవ ఉంచిన జీవాల సీసాలుండేవి. సముద్రంలో ఎన్ని రంగులున్నా, సీసాలో పడ్డ ఏడాదికి అన్నిటిదీ ఒకటే రంగు, గంజి రంగు. ఫోటోల్లో అట్లా కాదు. రంగులన్నీ ఉంటాయి, కానీ బరువుండదు, వాసనుండదు. రెండిట్లో ఏదీ నిజం జంతువు కాదు. ఆ మగత మధ్యాహ్నాల్లో నాకు మాత్రం రెండూ కలిసి ఒకటే నీళ్ళలో ఈదుతున్నట్టుండేది.

నాకో జబ్బుంది. అడిగిన నిమిషంలో పేరు చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. క్లాసులో కూడా అంతే. పిల్లవాడు ప్రశ్న సగం అడిగేసరికి జవాబు నా నోట్లో ఉండేది. అది తెలివి అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఫోటోలు తీసేవాళ్ళకి నేను పెట్టిన నియమం కూడా ఒకటే: మొహం సరిగ్గా పడాలి. మనిషినైనా జంతువునైనా మొహం చూసి గుర్తుపట్టేయగలనని ధీమా.

ఇప్పుడు మా అన్నయ్య సంగతి చెప్పాలి. అన్నయ్య, వదిన బందర్లో ఉంటారు. అన్నయ్య క్లర్కుగా చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు చర్చిలో పెద్ద. పొద్దున్నే ఐదింటికి లేచి, తన ఫోన్లో ఉన్న ఏదో ఒక ఫోటో మీద బైబిలు వాక్యం పెట్టి, చుట్టూ పూల ఫ్రేము కట్టి, చుట్టాలందరికీ పంపితే గానీ కాఫీ తాగడు. ఏ ఫోటో అన్న పట్టింపు లేదు. మనవడి పుట్టినరోజు కేకు మీద వాక్యం ఉంటుంది. కొత్తగా కొన్న ఫ్రిజ్ మీద వాక్యం ఉంటుంది. ఆయన ఫోన్లోంచి వాక్యం లేకుండా బయటికొచ్చిన ఫోటో నేను చూడలేదు. ఆ అలవాటు మీద నేను చాలా జోకులు వేశాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు నవ్వి ఊరుకునేవాడు.

వదిన పుట్టిల్లు దివిసీమలో, పొలాల ఊరు. చుట్టూ కాలవలేగానీ సముద్రం కనిపించే ఊరు కాదు. పెళ్ళయి బందరు వచ్చాక సముద్రాన్ని చూసి, ఆ చూడ్డం ఇంకా ఆపలేదు. వారానికోసారి తెల్లవారుజామునే ఇద్దరూ ఆటోలో మంగినపూడి వెళ్తారు. అన్నయ్య చేపలు బేరం చేస్తాడు. వదిన, వల లాగేశాక జాలర్లు పనికిరావని ఇసకలో పారేసిన కుప్ప దగ్గర కూర్చుంటుంది. జెల్లీచేపలు, పీతల కాళ్ళు, పేరు తెలియని ముద్దలు. వింతగా ఉన్నదాన్ని ఏరి, ఇసక కడిగి, అన్నయ్య ఫోన్‌తో ఫోటో తీస్తుంది. ఎందుకంటే వదినది మీటల ఫోన్. ఎవరికోసమంటే నాకోసం. నా క్లినిక్‌కి అందరికన్నా నమ్మకమైన పేషెంటు ఆవిడే.

వదిన మాట్లాడ్డం తక్కువ. మాట్లాడినా మెల్లగా, బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కో మాటా ఏరుకుంటూ మాట్లాడుతుంది. నాకు అంత ఓపికెక్కడిది! ఓసారి, ఈకలాగా ఉన్న ఒకదాని గురించి, "చీకట్లో దాన్ని ఇట్లా ముట్టుకుంటే..." అని మొదలుపెట్టింది. "సీ పెన్ అంటారు వదినా" అని నేను ముగించేశాను. "ఓహో" అంది. అక్కడితో ఆ మాట అయిపోయింది. ముట్టుకుంటే ఏమైందో నేను అడగనూ లేదు, ఆవిడ చెప్పనూ లేదు.

ఆ రోజు శనివారం. ఎండ బాగా ఉంది. పప్పుచారు, ఎండురొయ్యల వేపుడు తిని పడుకున్నాను. కర్టెన్ రంగు కళ్ళ మీదికి దిగుతోంది. ఒంటిగంటన్నర ప్రాంతంలో ఫోన్ జుమ్మంది. అన్నయ్య. ఫ్రేము నిండా ముద్దబంతి పూలు. మధ్యలో తడి ఇసక మీద పొడుగ్గా, నున్నగా, బూడిద రంగులో ఒకటి మెలిక తిరిగి ఉంది. దాని మెడ కింద వదిన రెండు వేళ్ళు. నేను చెప్పినట్టే, మొహం సరిగ్గా పడేలా ఎత్తి పట్టుకుంది. ఫోటో కింది భాగమంతా బంగారు రంగు పట్టీ, దాని మీద ధైర్యం చెప్పే వాక్యం. ఫోటో కింద అన్నయ్య రాశాడు: "పొద్దున మంగినపూడిలో. మీ వదిన వేలికి చీమ కుట్టినట్టు గుచ్చుకుందట. దీనివల్లేనా?"

నేను ఫోన్ మొహం దగ్గర పెట్టుకుని చూశాను. చూశానా? ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. చిన్న కళ్ళు, మొద్దు మూతి. మలుగు. పాములా ఉంటుంది గానీ చేప. నిమిషం కూడా కాలేదు, రాసేశాను: "మలుగు. విషం లేదు. భయపడేదేం లేదు, పసుపు రాయండి."

అన్నయ్య చేతులు జోడించిన బొమ్మ పంపాడు. నేను ఫోన్ మళ్ళీ పొట్ట మీద పెట్టుకున్నాను.

తర్వాత వచ్చింది కలో, కునుకో చెప్పలేను. నేను కాలేజీ ల్యాబులో ఉన్నాను. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి, వెలుతురు ఆకుపచ్చగా ఉంది. బీరువాల తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. సీసాల్లో జీవాలు మెల్లగా కదులుతున్నాయి, అయినా నాకు భయం లేదు, అందరూ తెలిసినవాళ్ళే కదా అన్నట్టు వరసగా చూసుకుంటూ వెళ్తున్నాను. చివరి బీరువాలో, కింది అరలో, ఓ సీసా నాకేసి వీపు పెట్టుకుని ఉంది. లేబులు అవతలి వైపుంది. దాన్ని ఇటు తిప్పాను. లోపల చుట్ట చుట్టుకున్నది కాస్త విప్పుకుంది. ముందు మొహం కనిపించింది, తర్వాత ఒళ్ళు, ఒళ్ళంతా చిన్న చిన్న పొలుసులు. అది ఎంతసేపు విప్పుకున్నా తోక రావడం లేదు. నేను చూస్తూనే ఉన్నాను. నీళ్ళలో బంగారు రంగు పట్టీ ఒకటి అడ్డంగా తేలుతోంది. దాన్ని వేలితో పక్కకి తొయ్యబోయాను. వేలు చురుక్కుమంది.

లేచి కూర్చున్నాను. మలుగుకి పొలుసులు కనిపించవు. మలుగు వీపు మీద రెక్క, తోక దాకా రిబ్బను కుట్టినట్టు ఉంటుంది. ఫోన్ తీసి ఫోటో పెద్దది చేశాను. రెక్క లేదు. మెడ దగ్గర, వదిన వేళ్ళ పక్కన, పొలుసులున్నాయి. మొదటిసారి కూడా ఉన్నాయి. తడి మెరుపు అనుకున్నాను. అనుకున్నానా, నిద్రకి ఆలస్యమవుతుందని అట్లా అనుకోవాలనుకున్నానా? తోక చూస్తే ఒక్క క్షణంలో తేలిపోతుంది. సముద్రపాముకి తోక బల్లపరుపుగా, తెడ్డులా ఉంటుంది. అది ఈదేది దాంతోనే. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద ఆ తోక బొమ్మ వేసిన మనిషిని నేను. ఫోటోలో తోక ఉండాల్సిన చోట వాక్యం ఉంది.

టైము రెండున్నర. అన్నయ్యకి ఫోన్ చేశాను.

"అన్నయ్యా, ఆ ఫోటోలో తోకేదీ?"

"తోకా? దాని మీద వాక్యం పడిందమ్మా. కిందే కాస్త ఖాళీ ఉంది మరి."

"అసలు ఫోటో పంపు. వాక్యం లేనిది. ఇప్పుడే."

"అసలువి ఉంచనుగా. ఫోన్ నిండిపోతోందని ఎప్పటికప్పుడు తీసేస్తాను."

"నీ ఫ్రేములు తగలెయ్య! ప్రతిదానికీ పూలేంటి అన్నయ్యా?"

"వాక్యాన్ని అట్లా అనకూడదమ్మా..."

"వాక్యాన్ని కాదు, నిన్నంటున్నాను! వదినేదీ?"

"పడుకుంది. తలనొప్పిగా ఉందంది. నువ్వు భయం లేదన్నావు కదాని నేనూ లేపలేదు."

ఆ మాట విన్నాక నాకు కోపం పోయింది. మనవాళ్ళు ఊరికే అనలేదు, పెదవి దాటితే పృథివి దాటుతుందని. నా మాట గుడివాడలో బయల్దేరి బందరు చేరి, ఓ మనిషిని మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పేసింది. లేపు అన్నాను. లేపాడు. వదిన గొంతు వచ్చింది, మందంగా, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు.

"ఏం లేదమ్మాయ్... కాస్త ఒళ్ళు బరువుగా ఉంది. ఎండకేమో. పసుపు రాశాలే."

"వదినా, దాని తోక ఎట్లా ఉంది?"

"తోకా..." అని ఆగింది.

నా నోట్లో మాటలు సిద్ధంగా ఉన్నాయి. సన్నగా ఉందా, మొనదేలి ఉందా, రిబ్బనులా ఉందా అని అన్నీ అందించేద్దామని నాలుక దురద పెడుతోంది. వదిన సంగతి నాకు తెలుసు. నేను ఏది అందిస్తే దానికే ఊ అంటుంది. పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి, వదిన మాట పూర్తయ్యే దాకా ఆగాను. ఫోన్లో వాళ్ళింటి ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. ఎంతసేపు ఆగానో తెలియదు.

"అట్లకాడలా ఉంది" అంది వదిన.

ఇంకేం కావాలి? ఏ పుస్తకంలోనూ అంత చక్కగా రాసి ఉండదు. "అన్నయ్యా, అది పాము. చెయ్యి కదపనివ్వకు, నడిపించకు. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళు, సముద్రపాము కరిచిందని చెప్పు. నేను వస్తున్నాను" అన్నాను. ప్రభువా, ప్రభువా అంటూ ఆయన ఫోన్ పెట్టేశాడు.

మా ఆయన స్కూటర్ తీసి నన్ను బస్టాండులో దింపారు. బందరు బస్సు కిటికీ పక్కన కూర్చున్నాను. గుడ్లవల్లేరు, కవుతరం, పెడన. ఎన్నిసార్లు వెళ్ళిన దారి! ఆ రోజు మాత్రం అన్నీ అద్దానికి అవతలే ఉన్నాయి. రొయ్యల చెరువుల్లో గాలి చక్రాలు తిరుగుతూ నీళ్ళు తెల్లగా ఎగరగొడుతున్నాయి, చప్పుడు మాత్రం నాకు చేరడం లేదు. గట్ల మీద మనుషులు మెల్లగా, నీళ్ళలో నడుస్తున్నట్టు నడుస్తున్నారు. ఓ కొంగ ఎగరడం మొదలుపెట్టింది, ఎంతకీ గట్టు దాటడం లేదు. నేనే సీసాలో ఉన్నాను, ఎవరో వచ్చి నా లేబులు చదివి పోతున్నారు అనిపించింది. పక్కన కూర్చున్నావిడ "ఏడుస్తున్నారేంటండీ?" అని అడిగితేగానీ ఏడుస్తున్నానని తెలియలేదు. "మా వదినకి బాగోలేదండీ" అన్నాను. ఎందువల్ల బాగోలేదో చెప్పడానికి సిగ్గేసింది.

ఆసుపత్రిలో వదిన మంచం మీద కళ్ళు సగం మూసుకుని ఉంది. మూసుకోలేదు, రెప్పలు లేవడం లేదు. మెడ తిప్పమంటే తిప్పలేకపోయింది. చూపుడు వేలి మీద పసుపు, దాని కింద సూది మొనంత రెండు చుక్కలు. డ్యూటీలో ఉన్న డాక్టరు కుర్రాడే, కానీ తొణకలేదు. అన్నయ్య ఫోన్ చూపించాడు. డాక్టరు ముద్దబంతి పూలన్నీ ఓపికగా చూసి, "తోకెక్కడండీ?" అన్నాడు.

"అట్లకాడలా ఉందట బాబూ. కరిపించుకున్న మనిషే చెప్పింది. నేను జువాలజీ చెప్పిన దాన్ని. సముద్రపామే" అన్నాను.

"మరి మలుగు అని ఎవరో చెప్పారని రాశారు?" అన్నాడు, అన్నయ్య చెబితే ఆసుపత్రివాళ్ళు రాసుకున్న కాగితం చూస్తూ.

"నేనే" అన్నాను.

ఆయన ఒకసారి నాకేసి చూశాడు. తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "మా దగ్గరున్న పాము మందు నేల మీద పాములకండీ. దీనికి అది పనిచెయ్యదు. ఊపిరి కనిపెట్టి ఉండాలి, కిడ్నీలు కాపాడుకోవాలి. బెజవాడ పంపిస్తాను, అక్కడ అన్నీ ఉంటాయి. ఏ పామో తెలియకపోతే ఇక్కడే ఆ మందు ఎక్కిస్తూ కూర్చునేవాళ్ళం" అన్నాడు. అంబులెన్సులో వదిన కాళ్ళ దగ్గర నేను, తల దగ్గర అన్నయ్య. ఆయన ఫోన్ జేబులోంచి తియ్యలేదు.

నాలుగు రోజులు. వదిన మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. ఊపిరికి మిషను పెట్టారు. కారిడార్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేను ఎన్ని ప్రార్థనలు చేశానో చెప్పను. నా ఫోన్‌కి ఫోటోలు వస్తూనే ఉన్నాయి. ఎవరో ఓ పురుగు పంపారు. ఎవరో ఓ గుడ్డు పంపారు. ఇదేంటి మేడం, ఇదేంటి మేడం. ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు. ఏది చూసినా నాకు అది ఎవరి వేళ్ళలో ఉందో అదే కనిపించేది.

ఐదో రోజు పొద్దున మిషను తీసేశారు. మూత్రం రంగు తేటపడుతోంది, గండం గడిచినట్టేనన్నారు. కిటికీలోంచి పల్చటి ఎండ వదిన దుప్పటి మీద పడుతోంది. నేను చెయ్యి పట్టుకున్నాను. పసుపు మరక ఇంకా పోలేదు.

"నన్ను క్షమించు వదినా" అన్నాను. "నొప్పి మొదలైనప్పుడు ఒక్కసారి ఫోన్ చెయ్యకపోయావా?"

వదిన ఎప్పట్లాగే మాటలు ఏరుకుంది. ఈసారి ఆగడం నాకు కష్టం కాలేదు.

"ఇంటికొచ్చినప్పట్నుంచీ మెడ పట్టేస్తూనే ఉంది. అన్నం మింగుడు పడలేదు. చెబుదామనే అనుకున్నా. ఇంతలో విషం లేదని నువ్వు పంపించావు. అంత చదువుకున్నదానివి, నీకు తెలియదా అనుకున్నా. నాకు నొప్పంటే నిన్ను అబద్ధం చేసినట్టవుతుందని ఊరుకున్నా."

నేను దుప్పటిలో మొహం పెట్టుకుని ఏడ్చాను. పాము కరిస్తే వదిన వేలికి రెండు చుక్కలే. నా మాట ఆవిడ ఒంటిమీద ఆవిడకే నమ్మకం లేకుండా చేసింది. ముప్పై ఏళ్ళలో క్లాసులో ఎంతమంది పిల్లలు చెయ్యి ఎత్తబోయి, నేను చెప్పేశాను కదా అని దించేసుకున్నారో ఆ పూట నాకు గుర్తుకు రావడం మొదలుపెట్టింది. వదిన నా తల మీద చెయ్యి వేసింది. "పోనీలే. అట్లకాడ అనగానే పట్టేశావుగా" అంది.

అన్నయ్య ఇప్పటికీ ఐదింటికి లేస్తాడు. వాక్యం పంపుతాడు, కానీ ఫోటో మీద కాదు, విడిగా. ఫోటోలని మాత్రం ఒక్కటీ చెరపడు. ఫోన్ నిండిపోయి మొరాయిస్తున్నా సరే.

వదిన బతికొచ్చాక సముద్రం మానేస్తుందనుకున్నాం. మూడు నెలలు మానేసింది. నాలుగో నెల అన్నయ్య వదినకి కెమెరా ఫోన్ కొనిచ్చాడు. నేను మళ్ళీ మంచమెక్కి, ఆకుపచ్చ కర్టెన్ వేసుకుని, జవాబులిస్తున్నాను, కానీ నిమిషంలో కాదు. ముందు, ఎవరికైనా గుచ్చుకుందా, కుట్టిందా, ఇప్పుడు ఎట్లా ఉందని అడుగుతాను. "క్లినిక్కు నిజంగానే క్లినిక్కయింది" అంటారు మా ఆయన.

మొన్నో మధ్యాహ్నం ఫోన్ జుమ్మంది. వదిన కొత్త నంబరు. వరసగా ఐదు ఫోటోలు. మొదటి నాలుగూ తోకలే: ఓ వైపు నుంచి, ఇంకో వైపు నుంచి, పై నుంచి, కింద నుంచి. ఐదోదాంట్లో జీవం మొత్తం ఉంది. తడి ఇసక మీద, నేరేడు రంగులో, అంచులు కుచ్చిళ్ళలా మడతలు పడి ఉంది. చేప కాదు, నత్త కాదు, నేనెరిగిన ఏ ముద్దా కాదు. దాని పక్కన కొలతకి, మా వదిన వంటింటి అట్లకాడ. పాత ఇనపది, పిడికి గుడ్డ చుట్టినది, దోసెలకి నేనే ఎన్నోసార్లు వాడినది. అంటే చేత్తో ముట్టుకోకుండా, అట్లకాడతో తిప్పి తిప్పి తీస్తోందన్నమాట. మంచం మీద పడుకుని ఒక్కదాన్నీ నవ్వాను. ఎంతసేపు నవ్వానో, కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

రెండు మూడు పేర్లు నాలుక చివరిదాకా వచ్చాయి. ఒక్కటీ సరిపోలేదు. ఇదివరకైతే దగ్గరగా ఉన్నదేదో ఒకటి తగిలించేసేదాన్ని. "తెలియదు వదినా" అని రాశాను.

వెంటనే ఫోన్ మోగింది.

"నీకు తెలియదా!" అంది వదిన. ఆ గొంతులో అంత సంబరం నేనెప్పుడూ వినలేదు.

"తెలియదు. నువ్వు చూశావుగా, నువ్వే చెప్పు. ఎట్లా ఉంది?"

వదిన చెప్పడం మొదలుపెట్టింది. నీళ్ళు తగిలితే ఎట్లా విప్పుకుందో, ఎండ తగిలితే ఎట్లా ముడుచుకుందో, అట్లకాడతో మళ్ళీ అలల్లోకి జారవిడిస్తే ఎటు తిరిగి వెళ్ళిందో. ఒక్కో మాటా ఏరుకుంటూ. నేను మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. కర్టెన్ లోంచి ఎండ మెల్లగా గోడెక్కింది. ఆ నేరేడు రంగుది చెప్పడం అయ్యాక, వదిన "అప్పుడెప్పుడో ఈకలాంటిది ఒకటి చెప్పబోయాను గుర్తుందా?" అంది.

"గుర్తుంది వదినా. చీకట్లో ముట్టుకుంటే అన్నావు. ముట్టుకుంటే ఏమైంది?"

"వెలిగిందమ్మాయ్" అంది వదిన. "నా వేలు ఎక్కడ తగిలితే అక్కడ వెలిగింది."